ఛాయా సోమేశ్వరుడు, ఎదురుగాలి, వడ్లకుప్ప: సైకిల్ జట్టు మీద అపోహలు – వాస్తవాలు

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్‌లో తొమ్మిది మందిమి బిగుతు నిక్కర్లు తొడుక్కుని, సైకిళ్ల వెనక ఎర్రలైట్లు వెలిగించుకుని నిలబడతాం. చాయ్ బండి ఆయన ఏడేండ్లుగా అడిగేది ఒకటే మాట: "ఏం సార్, ఇయ్యాల పోటీ ఉన్నదా?" "లేదన్నా, ఊకెనే పోతున్నం" అంటాం. ఆయన నమ్మడు. ఊకెనే ఎవరైనా సాగర్ దాకా తొక్కుకుంటూ పోయి, మళ్లీ తొక్కుకుంటూ వస్తారా?

నాది ఎరువుల దుకాణం. జట్టులో ఒక లెక్కల సారు, రైసుమిల్లు గుమాస్తా, ఆస్పత్రిలో పనిచేసే నర్సక్క, డిగ్రీ చదివే పిల్లలు ఇద్దరు, ఇంకా కొందరు ఉన్నారు. రోడ్డు మీద ఎవరు ఎక్కడ ఉండాలో చెప్పే పని నా నెత్తిన పడింది. కాబట్టి కొత్తగా వద్దామనుకునేవాళ్ల అనుమానాలూ నా దగ్గరికే వస్తాయి. వాటిలో సగం ఒకప్పుడు నాకూ ఉన్నవే.

అపోహ: ముందు పోయేవాడే మొనగాడు, వెనక ఉండేవాడు పనిదొంగ

సైకిల్ మీద చదును రోడ్డున గంటకు పాతిక కిలోమీటర్ల వేగం దాటామంటే మన శ్రమలో ఎక్కువ భాగం గాలిని తోసుకుంటూ పోవడానికే సరిపోతుంది. వేగం పెరిగిన కొద్దీ గాలికి పెట్టాల్సిన శక్తి ఘనం లెక్కన పెరుగుతుంది. 25 నుంచి 30కి పోవాలంటే వేగం పెరిగేది 1.2 రెట్లే, గాలికి ఇచ్చుకునేది మాత్రం 1.7 రెట్లు. ఇది మా లెక్కల సారు బోర్డు మీద వేసి చూపించిన లెక్క. ముందువాడి వెనక చక్రానికి దగ్గరగా, సూటిగా పోతే వెనకవాడి శ్రమ దాదాపు మూడో వంతు తగ్గుతుంది. అందుకే ఒకరు రెండు మూడు నిమిషాలు ముందుండి, పక్కకు జరిగి, వరస చివరికి చేరతారు. తర్వాతివాళ్లు ముందుకొస్తారు. జట్టు అంటే మాకు ఇదే: గాలిని వంతులు వేసుకుని మోయడం.

మా జట్టులో ఒక పిల్లగాడు ఎప్పుడూ ముందుకు వచ్చేవాడు కాదు. ఎవరి చక్రం వెనకనో నీడలా అంటుకుని ఉండేవాడు. మా పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయం ఉంది కదా, గర్భగుడిలో పగలంతా నీడ కదలకుండా నిలిచే గుడి. ఆ పేరే వాడికి పెట్టేశాం. "ఛాయా సోమేశ్వరుడు వచ్చిండా?" అంటే అందరికీ నవ్వు. వాడూ నవ్వేవాడు.

ఒకరోజు హాలియాలో ఇడ్లీ తింటుంటే నర్సక్క అడిగింది, "ఏందిరా తమ్మీ, నువ్వెందుకు ముందటికి రావు?" వాడు ప్లేట్లోకే చూస్తూ, "మొదటి వారం వచ్చిన అక్కా. అన్న తిట్టిండు" అన్నాడు. ఆ అన్నను నేనే. అప్పుడు గుర్తొచ్చింది. కొత్తవాళ్లంతా చేసే తప్పే వాడూ చేశాడు. ముందుకు రాగానే హుషారెక్కి 27 మీద ఉన్న వేగాన్ని 33కి లాగాడు, వెనక వరస తెగిపోయింది. నేను పది మందిలో అరిచాను. ముందు స్థానంలోకి వచ్చినప్పుడు వేగం పెంచొద్దనీ, తప్పుకునేవాడే కాస్త నెమ్మదించి వెనక్కి జారాలనీ ఎవరూ వాడికి చెప్పలేదు. తిట్టడానికి తీరిక దొరికింది గానీ చెప్పడానికి దొరకలేదు. ఆ రోజు హాలియా నుంచి తిరుగుదారిలో వాడి పక్కనే ఉండి, మీటరు మీద ఒకే అంకె నిలబెట్టడం నేర్పించాను. ఇప్పుడు ముందుకు వస్తాడు. పేరు మాత్రం పోలేదు.

ఇంకో సంగతి, చాలామంది నమ్మరు: వెనక ఒక మనిషి దగ్గరగా ఉంటే ముందువాడికి కూడా గాలి లాగుడు కొద్దిగా తగ్గుతుంది. చాలా కొద్దిగానే.

అపోహ: వరస చివర కూచుంటే హాయి

గాలి తగలని మాట నిజమే. కానీ స్పీడ్ బ్రేకర్ దగ్గర చూడండి. ముందువాడు కొంచెం నెమ్మదిస్తాడు, రెండోవాడు ఇంకొంచెం, తొమ్మిదోవాడు దాదాపు ఆగిపోతాడు. ముందువాడు బ్రేకర్ దాటి మామూలుగా తొక్కడం మొదలుపెట్టేసరికి తొమ్మిదోవాడు పరుగందుకోవాలి. ఊరికి మూడు బ్రేకర్లుంటే మూడు పరుగులు. అందుకే బలహీనంగా ఉన్నవాళ్లను మేం చివర పెట్టం, మూడు నాలుగు స్థానాల్లో పెడతాం. చివర గట్టివాడు ఉండాలి. ఎవరైనా తెగిపోతే కేకేసి చెప్పేది వాడే.

కుక్కల సంగతీ అంతే. ముందువాడు కుక్కను నిద్రలేపుతాడు, పిక్క మాత్రం చివరివాడిది. వేగంగా పోతే తప్పించుకోవచ్చనేది ఇంకో భ్రమ. పరిగెత్తేదాన్ని తరమడం కుక్క స్వభావం. నెమ్మదించి, గట్టిగా "ఏయ్" అంటే చాలావరకు ఆగిపోతుంది. మరీ మీదికొస్తే దిగి, సైకిల్‌ను మధ్యలో అడ్డం పెట్టుకుని నడవడమే.

అపోహ: గాలి అంటే ఎదురుగాలే

సాగర్ నల్లగొండకు దాదాపు సూటిగా దక్షిణాన ఉంటుంది. వానకాలంలో పడమటి గాలి. అంటే పోయేటప్పుడు కుడి చెంపకు కొడుతుంది, వచ్చేటప్పుడు ఎడమ చెంపకు. అడ్డగాలిలో సూటిగా వెనక ఉంటే రక్షణ దొరకదు, ముందువాడికి ఓరగా ఉండాలి. పోయేటప్పుడు ఆ ఓర ఎడమవైపు పడుతుంది. ముందువాడు రోడ్డు లోపలికి జరిగి చోటిస్తే ఇద్దరు ముగ్గురు దాక్కోవచ్చు, నాలుగోవాడికి మట్టే గతి. తిరిగి వచ్చేటప్పుడు ఓర కుడివైపు, అంటే లారీల వైపు పడుతుంది. అందుకని ఆ దారిలో ఓర వరస మా జట్టులో నిషేధం. సూటిగా, ఒక్కొక్కరుగా, 22 మీద వస్తాం. టీవీలో ఫ్రెంచి రోడ్ల మీద విసనకర్రలా విచ్చుకున్న వరసలు చూసి "మనమూ అట్ల పోదాం అన్నా" అని పిల్లలు అడుగుతారు. వాళ్లకు రోడ్డు మూసి ఇస్తారు తమ్మీ, మనకు మిర్యాలగూడ నుంచి బియ్యం లారీలు వస్తాయి.

అపోహ: ఆ చేతి సైగలు, కేకలు అంతా షో

"గుంత!" "రాయి!" "బండి వెనక!" అని అరుస్తూ పోతుంటే ఊళ్లల్లో జనం నవ్వుతారు. నవ్వనివ్వండి. ముందువాడి వీపు తప్ప ఏమీ కనిపించని మనిషికి ఆ కేకే కన్ను.

యాసంగి కోతలప్పుడు మా రోడ్ల మీద ఇంకో కేక కలుస్తుంది: "వడ్లు!" సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. రాత్రికి నల్ల టార్పాలిన్ కప్పుతారు. చీకట్లో ఆ నలుపు తారులో కలిసిపోతుంది. రైతును తిట్టుకుని లాభం లేదు, ఆరబెట్టుకోవడానికి ఆయనకు చోటు లేదు. నా దుకాణానికి వచ్చేదీ ఆయనే.

అట్లాంటి కుప్ప దగ్గరే, పెద్దవూర దాటాక, నేను పడ్డాను. తప్పు నాదే. లెక్కల సారు వెనక చక్రానికి పక్కగా నా ముందు చక్రాన్ని జానెడు లోపలికి పోనిచ్చి మాటల్లో పడ్డాను. ఆయన రాయిని తప్పించడానికి కాస్త పక్కకు జరిగాడు, చక్రాలు రాసుకున్నాయి. ఇట్లాంటప్పుడు ముందువాడికి దాదాపు ఏమీ కాదు. వెనకవాడి హ్యాండిల్ వాడి చేతిలో ఉండదు, పడి తీరతాడు. చెయ్యి ఆనించి పడితే దెబ్బంతా భుజానికి పోతుంది. నా కాలర్ ఎముక విరిగింది.

నర్సక్క చున్నీతో చెయ్యి మెడకు కట్టింది. ట్రాలీ ఆటో ఒకటి ఆపి, సైకిల్‌తో పాటు నన్నూ ఎక్కించారు. అక్కడిదాకా ఎవరైనా చేస్తారు. తర్వాతి ఆరు వారాలు లెక్కల సారు రోజూ బడికి పోయేముందు నా దుకాణం దగ్గర ఆగి షట్టర్ ఎత్తిపెట్టి పోయాడు, ఒక్క చేత్తో నేను ఎత్తలేనని. నేను అడగలేదు. "తప్పు నాది సార్, మీరెందుకు?" అంటే, "మీ షట్టర్‌కు గ్రీజు లేదు" అన్నాడు.

అపోహ: లక్ష రూపాయల సైకిల్ లేనిదే జట్టులో చేర్చుకోరు

ప్రొఫెషనల్ రేసుల్లో సైకిల్ 6.8 కిలోల కంటే తేలికగా ఉండకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నియమం. అక్కడ గ్రాముల గొడవ ఉంది కనుకే నియమం పెట్టారు. మన సంగతి చూద్దాం. నేను 75 కిలోలు, సైకిల్ 10 కిలోలు, నీళ్లూ సామానూ ఇంకో రెండు. అప్పుచేసి 8 కిలోల సైకిల్ కొన్నాననుకోండి, మొత్తంలో తగ్గేది రెండు శాతం పైచిలుకు. మన్యంకొండ లాంటి ఎక్కుడులో 20 నిమిషాలు పడితే కలిసొచ్చేది అర నిమిషం. చదును మీద అదీ లేదు. ఆ డబ్బులో చిన్న భాగం మంచి టైర్లకు, సరైన కొలత ఫ్రేముకు పెట్టండి. గుమాస్తా తమ్ముడు సెకండ్ హ్యాండ్ అల్యూమినియం సైకిల్ మీదనే మా అందరికంటే గట్టిగా లాగుతాడు.

టైర్ల మాట వచ్చింది కాబట్టి: గాలి రాయిలా కొడితే సైకిల్ జోరుగా పోతుందని మేమూ నమ్మాం, 120 పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడికి కొలత) కొట్టి మణికట్లు చెడగొట్టుకున్నాం. కంకర తేలిన రోడ్డు మీద గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది, ఆ ఎగురుడులో పోయేది మన శక్తే. 28 మిల్లీమీటర్ల టైరులో నేను 75 దాటను.

పంక్చర్లకు కారణం కూడా ఎప్పుడూ టైరు నాసిరకం కావడం కాదు. పొలాల రోడ్ల మీద పల్లేరుకాయలు, హైవే మీద పేలిపోయిన లారీ టైర్ల నుంచి రాలే వెంట్రుక లాంటి ఇనుప తీగలు. తీగ టైరులోనే ఉండిపోతుంది. కంటికి కనపడదు. లోపలంతా వేలితో తడిమి తీసేయకుండా కొత్త ట్యూబు వేస్తే ఫర్లాంగు దూరంలో మళ్లీ పంక్చరే. ఒకరికి పంక్చరైతే అందరం ఆగుతాం. ఒకరు ట్యూబు మారుస్తారు, ఒకరు పంపు కొడతారు, మిగతా వాళ్లు ఉచిత సలహాలు ఇస్తారు.

అపోహ: ఎంత నీళ్లు తాగితే అంత మంచిది

ఏప్రిల్‌లో ఒకసారి నేను మూడు లీటర్ల ఉత్త నీళ్లు తాగి కూడా కళ్లు తిరిగి చింతచెట్టు కింద కూలబడ్డాను. చెమటతో ఉప్పు పోతుంది. ఉత్త నీళ్లే పోస్తుంటే ఉన్న ఉప్పు కూడా పలచబడుతుంది, మరీ ఎక్కువైతే ప్రాణం మీదికే వస్తుంది. ఇక ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్లకు కొలిచి చేసింది. మనవాళ్లు 750 మిల్లీలీటర్ల బాటిల్‌లో ప్యాకెట్ మొత్తం కుమ్మరిస్తారు. చిక్కబడితే మేలు ఎక్కువ కాదు, దాహమూ వికారమూ పెరుగుతాయి. నర్సక్క ఈ విషయంలో ఎవరినీ వదలదు. తిండికి ఖరీదైన జెల్లులు అక్కర్లేదు. పల్లిపట్టీ, ఖర్జూరాలు, అరటిపండు, తోటల దగ్గర ఆగితే మన బత్తాయిలు. ఆకలయ్యేదాకా ఆగకుండా ముప్పావుగంటకోసారి కొంచెం నోట్లో వేసుకోవడమే కిటుకు.

చిన్న చిన్నవి కొన్ని

మోకాళ్లు అరిగిపోతాయంటారు. సీటు కిందికి ఉండి, బరువైన గేరులో ఈడిస్తే నొప్పి ఖాయం. మడమ పెడల్ మీద పెట్టినప్పుడు, కింది చివర కాలు నిటారుగా చాచుకోవాలి. అదే సీటు ఎత్తుకు మొదటి కొలత. గేరు తేలిక చేసి నిమిషానికి 80, 90 చుట్లు తిప్పండి.

మెత్త ఉన్న నిక్కరు లోపల చెడ్డీ వేసుకోకూడదు. సిగ్గుపడి ఎవరూ చెప్పరు, మూడో ఆదివారానికి కుట్ల దగ్గర ఒరుసుకుపోయాక అడుగుతారు.

ఆడవాళ్లుంటే జట్టు నెమ్మదిస్తుందట. ముందుండి 26 మీద ముల్లు కదలకుండా లాగేది మా జట్టులో నర్సక్క ఒక్కతే. ఆమెకున్న అసలు ఇబ్బంది వేగం కాదు, దారిలో శుభ్రమైన టాయిలెట్ లేకపోవడం. అందుకే మా మజిలీలన్నీ పెట్రోల్ బంకులు చూసి పెట్టుకున్నవి. ఈ ఏర్పాటు మొదటి ఏడాదే చేయాల్సింది. ఆమె రెండేండ్లు ఓర్చుకుని చెబితే గానీ మాకు తట్టలేదు.

అపోహ: బ్రెవే అంటే రేసు

బ్రెవే అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం. హైదరాబాద్ నుంచి మొదలయ్యే 200 కిలోమీటర్ల బ్రెవేకు పోయి వస్తే ఊళ్లో మొదటి ప్రశ్న "ఎన్నో నంబర్ వచ్చిండ్రు?" బ్రెవేలో నంబర్లు లేవు. 200కి పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40. ఆ గడువులోపు, మధ్య మజిలీల్లో కార్డు మీద గుర్తు వేయించుకుంటూ వస్తే చాలు. ముందొచ్చినవాడికీ చివరొచ్చినవాడికీ దక్కేది ఒకటే. ఈ పద్ధతికి పెద్దపండుగ ఫ్రాన్స్‌లో నాలుగేండ్లకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్, 1200 కిలోమీటర్లు, గరిష్ఠంగా 90 గంటలు. 1891లో రేసుగానే మొదలైంది, ఇప్పుడు రేసు కాదు.

మేం నలుగురం పోయిన బ్రెవేలో గుమాస్తా తమ్ముడికి గేరు తీగ తెగింది. ఒక్క గేరు మీద 70 కిలోమీటర్లు రావాలి. అతను ఒంటరిగా అయితే గడువు దాటేవాడే. ముగ్గురం వంతులవారీగా అతని ముందుండి గాలి మోశాం. పదమూడు గంటల పది నిమిషాలకు చేరాం. ఆ రోజు ముందు వంతు అందరికంటే ఎక్కువసేపు చేసింది ఛాయా సోమేశ్వరుడు. చేశాక రెండు రోజులు అదే మాట చెప్పుకుని మా చెవులు తినేశాడనుకోండి.

రావాలనుకునేవాళ్లకు: మొదటి ఆదివారం పానగల్ కట్ట దాకే తీసుకుపోతాం, వరసలో సూటిగా పోవడం వచ్చేదాకా అంతకుమించి లేదు. హెల్మెట్, ముందో వెనకో కాదు రెండువైపులా లైట్లు, మీ చక్రానికి సరిపోయే స్పేర్ ట్యూబు ఒకటి తెచ్చుకోండి. పంపు మా దగ్గర ఉంది. మొదటి రోజు చాయ్ మేమే పోయిస్తాం. రెండో వారం నుంచి ఆ రోజు పంక్చరైనవాళ్లది.