17 తామరలు, ఒక ‘టి’

బడి, కాలేజీ పిల్లలకు సైనిక శిక్షణ ఇచ్చే ఎన్‌సీసీ (నేషనల్ క్యాడెట్ కోర్) జెండా మీద తామరలు చూసి, ఇది ఫలానా పార్టీ గుర్తు కదా అనేవాళ్లు వరంగల్‌లోనూ కనిపిస్తారు. ఆ అనుమానం తీరాలంటే రెండు సంవత్సరాలు పక్కపక్కన పెడితే చాలు. ఈ జెండా వచ్చింది 1954లో. భారతీయ జనతా పార్టీ పుట్టింది 1980లో.

అంతకుముందు, 1951లో, ఇంకో జెండా ఉండేది. అచ్చం ఆర్మీ రెజిమెంట్ల జెండాలాగే. మధ్యలో ఎన్‌సీసీ బ్యాడ్జీ, యూనిట్ పేరు ఉండేవి, తేడా అంతే. హృదయనాథ్ కుంజ్రూ నేతృత్వంలోని కమిటీ సిఫారసుతో 1948లో చట్టం చేసి ఎన్‌సీసీని మొదలుపెట్టారు. 1950లో ఎయిర్ వింగ్, 1952లో నేవీ వింగ్ వచ్చి చేరాయి. ముగ్గురున్న ఇంటికి ఒక్కరి పేరే రాసినట్టుంటే ఏం బాగుంటుంది? అందుకే జెండాను మూడు నిలువు పట్టీలు చేశారు. ఎరుపు ఆర్మీది, ముదురు నీలం నేవీది, లేత నీలం ఎయిర్‌ఫోర్స్‌ది. నడుమ బంగారు రంగులో ఎన్‌సీసీ అక్షరాలు, చిహ్నం, వాటి చుట్టూ తామరల దండ.

ఆ దండలో పువ్వులు 17. ఒక్కోటి ఒక్కో డైరెక్టరేట్‌కు, అంటే ఒకటో రెండో రాష్ట్రాల ఎన్‌సీసీని చూసే పెద్ద ఆఫీసుకు, గుర్తని క్యాడెట్లకు క్లాసులో చెబుతారు. మన దగ్గర అసలు ముచ్చట ఇక్కడుంది. 2014లో రాష్ట్రం రెండైనా డైరెక్టరేట్ మాత్రం విడిపోలేదు. సికింద్రాబాద్‌లోని ఆఫీసే ఇటు తెలంగాణకూ అటు ఆంధ్రప్రదేశ్‌కూ. నీళ్లు పంచుకున్నాం, ఉద్యోగులను పంచుకున్నాం, తామర మాత్రం ఉమ్మడిగానే మిగిలింది.

మారింది యూనిట్ పేరు. వరంగల్‌లోని పదో బెటాలియన్ పేరులో ఆంధ్రను సూచించే ‘ఏ’ ఉండే చోట తెలంగాణ ‘టి’ వచ్చింది. బండి నంబర్ ప్లేట్ మీది టీఎస్, టీజీల మీద మనం చేసినంత చర్చ ఈ ఒక్క అక్షరం మీద జరిగినట్టు లేదు.

మరి వరంగల్ గుర్తైన కాకతీయ తోరణం ఎన్‌సీసీ బ్యాడ్జీలోకి వచ్చిందా? 2014 నాటి రాష్ట్ర చిహ్నంలో అది ఉంది. 2024లో తీసేస్తారనగానే ఎంత గొడవైందో తెలిసిందే. కాకతీయుల రాజముద్ర మాత్రం వరాహం, చాళుక్యుల నుంచి వచ్చినది. ఖిలా వరంగల్‌లో నిలిచిన తోరణం ఊరి గుర్తుగా మారింది తర్వాతి కాలంలోనే. ఇంత పేరున్న ఆ తోరణమూ క్యాడెట్ టోపీ మీదికి ఎక్కలేదు. ములుగు సర్కారు బడి పిల్లాడికీ ముంబై కాన్వెంట్ అమ్మాయికీ బ్యాడ్జీ ఒకటే ఉండాలన్నది పద్ధతి. నాకైతే ఇదే సబబనిపిస్తుంది. బడుల మధ్య ఫీజుల తేడా కనీసం పరేడ్ గ్రౌండ్‌లోనైనా కనబడదు.

ఎన్‌సీసీలో మొదటి మెట్టైన ‘ఏ’ సర్టిఫికెట్ పరీక్ష రాసే పిల్లలకు ఒక్క మాట. తామరలెన్ని అంటే రాష్ట్రాలు లెక్కపెట్టకండి.