ఐఎస్‌ఓ పెంచడానికి భయపడకండి

విజయవాడ

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

దసరాకు వచ్చినప్పుడు కొత్త కెమెరాతో కృష్ణ ఒడ్డున తెప్పోత్సవం ఫోటోలు తీయాలనుకుంటున్నామనీ, మసక వెలుతురులో ఫోటోను వెలుగుగా చూపించే ఐఎస్‌ఓ అనే అంకెను 100 దగ్గరే ఉంచాలో పెంచాలో తెలియడం లేదనీ మీరు రాసిన ఉత్తరం అందింది. పెంచితే ఫోటో చెడిపోతుందన్న భయంతో దానిని 100 దగ్గరే బిగించి కూర్చునేవారు పెద్దల్లోనూ చాలామంది ఉన్నారు. వారు తీసిన రాత్రి ఫోటోలలో ఎవరికీ ముఖాలుండవు.

ఈ అంకె ఫిల్మ్ కాలం నుంచి వచ్చింది. ఏ రీలు వెలుతురుకు ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పడానికి అమెరికావారికి ఏఎస్‌ఏ అనీ, జర్మనీవారికి డిన్ అనీ వేర్వేరు కొలతలు ఉండేవి. 1974లో ఆ రెండింటినీ ఐఎస్‌ఓ అనే అంతర్జాతీయ ప్రమాణం కిందకు తెచ్చారు. అందుకే పాత ఫిల్మ్ డబ్బాల మీద 100/21° అని రెండు అంకెలూ పక్కపక్కన కనిపిస్తాయి. కెమెరాలో 400 రీలు వేశామంటే 36 ఫోటోలూ పూర్తయ్యేదాకా, మిట్టమధ్యాహ్నమైనా పెళ్లిపందిట్లో అర్ధరాత్రి ముహూర్తమైనా, దానితోనే నెట్టుకురావలసి వచ్చేది. మీరు ఒక్కొక్క ఫోటోకూ ఒక్కొక్క అంకె పెట్టుకోగలరు. అంత వెసులుబాటు ఉండి 100 దగ్గరే ఆగిపోవడం నాకు అర్థం కాని సంగతి.

అయితే ఆ అంకె పెంచినందువల్ల కెమెరాలోకి అదనంగా వెలుతురు రాదు. లోపలికి వచ్చే వెలుతురును నిర్ణయించేవి రెండే: లెన్స్‌లోని రంధ్రం ఎంత తెరుచుకున్నది అనే అపర్చరు, ఎంతసేపు తెరిచి ఉన్నది అనే షటరు వేగం. ఐఎస్‌ఓ పందిట్లో మైక్‌సెట్ ఆంప్లిఫయరు వంటిది. మాట్లాడేవారి గొంతు చిన్నదైతే దానిని తిప్పి పెంచుతారు. గొంతుతోపాటు వెనక ఉన్న గరగర కూడా పెరుగుతుంది. ఫోటోలో ఆ గరగరే నీడల్లోనూ చీకటి భాగాల్లోనూ రంగురంగుల చుక్కలుగా కనిపించే నాయిస్.

ఆ చుక్కలకు అసలు కారణం ఐఎస్‌ఓ కాదనీ, వెలుతురు తక్కువ కావడమేననీ గట్టిగా గుర్తుపెట్టుకోండి. కాంతి కణాలుగా వస్తుంది, ఆ కణాలు వానచినుకుల్లాగే లెక్కా వరుసా లేకుండా పడతాయి. కెమెరాలో వెలుతురును పట్టే సెన్సర్ మీద ఒక గడిలో సగటున 10,000 కణాలు పడే చోట హెచ్చుతగ్గులు 100 వరకు, అంటే నూటికి ఒకటి మాత్రమే ఉంటాయి కనుక కంటికి ఆనవు. సగటున 100 కణాలే పడితే హెచ్చుతగ్గులు 10 వరకు, అంటే నూటికి పది ఉంటాయి. ఒకే రంగు గోడ మీద కూడా పక్కపక్క గడులు వేర్వేరుగా కనిపించడం అందువల్లనే. చిన్న సెన్సర్ ఉన్న సెల్‌ఫోన్‌లో ఇది త్వరగా బయటపడుతుంది, పెద్ద సెన్సర్ ఉన్న కెమెరాలో ఆలస్యంగా బయటపడుతుంది.

అందుచేత మీరు ముందుగా తేల్చుకోవలసింది ఐఎస్‌ఓను కాదు, ఎదుట ఉన్నది కదులుతున్నదా లేదా అన్నదాన్ని. ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి గుహలకు వెళితే పై అంతస్తులో రాతిలో చెక్కిన అనంతశయనుడి మూర్తి ఉంది. అక్కడ వెలుతురు తక్కువే, కాని స్వామి కదలడు. కెమెరాను ఏదైనా గట్టు మీద ఆనించి, వేలు తగిలి అదరకుండా రెండు సెకన్ల టైమరు పెట్టి, ఐఎస్‌ఓ 100తో షటరును ఒక సెకను, అవసరమైతే రెండు సెకన్లు తెరిచి ఉంచండి. రాతి మీది ఉలి గాట్లు కూడా తేటగా వస్తాయి. ఇటువంటి చోట ఐఎస్‌ఓ పెంచడం దండగ.

నవరాత్రి పందిట్లో నాట్యం చేస్తున్న పిల్ల సంగతి వేరు. అపర్చరు పూర్తిగా తెరిచి, ఐఎస్‌ఓ 100 పెట్టి చూస్తే కెమెరా సెకనులో 15వ వంతు షటరు చూపిందనుకోండి. అంతసేపట్లో చేతులూ జడా అలుక్కుపోతాయి. మీకు కావలసింది 250వ వంతు. 15 నుంచి 30, 60, 125, 250 అని నాలుగు మెట్లు ఎక్కాలి. ప్రతి మెట్టుకూ వచ్చే వెలుతురు సగమవుతుంది కనుక ఐఎస్‌ఓను కూడా నాలుగుసార్లు రెట్టింపు చేయాలి: 200, 400, 800, 1600. ఈ లెక్క నోటికి వస్తే మిగిలినది అలవాటే. చుక్కలున్నా తేటగా వచ్చిన ముఖాన్ని కంప్యూటరులో కొంత బాగుచేసుకోవచ్చు. అలుక్కుపోయిన ముఖాన్ని ఎవరూ బాగుచేయలేరు. పందిళ్లలోని కొన్ని ఎల్‌ఈడీ దీపాలు మన కరెంటుకు తగినట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. ఫోటోలో అడ్డచారలు కనిపిస్తే షటరును 100వ వంతుకు దించి చూడండి.

ఇక తెప్పోత్సవం. ట్రైపాడ్ మీ చేతి వణుకును ఆపగలదు కాని, నీటి మీద కదిలే హంస వాహనాన్ని ఆపలేదు. అందుచేత అక్కడ కూడా ఐఎస్‌ఓ పెంచక తప్పదు. అంతకంటే పెద్ద చిక్కు ఆ వాహనం మీది దీపాలతోనే. చుట్టూ నల్లటి ఆకాశం, నల్లటి నది చూసి కెమెరా వెలుతురు చాలదని భ్రమపడి ఫోటోను మరీ తెల్లగా తీస్తుంది. దీపాల అలంకారమంతా తెల్లటి ముద్దవుతుంది. ఫోటో మొత్తం వెలుగును పెంచే, తగ్గించే ఎక్స్‌పోజరు కాంపెన్సేషన్‌ను ఒకటి, ఒకటిన్నర మెట్లు తగ్గించండి. ఐఎస్‌ఓ పెంచేకొద్దీ వెలుగు భాగాలు త్వరగా తెల్లబోతాయి కనుక అవసరానికి మించి పెంచవద్దని నేనూ అంటాను.

ప్రతిసారీ తిప్పుతూ కూర్చోలేమంటారా, ఆటో ఐఎస్‌ఓ పెట్టండి. అది తక్కువతనమేమీ కాదు. మెనూలో గరిష్ఠ హద్దు 6400 అనీ, షటరు కనీస వేగం 125వ వంతు అనీ ఇస్తే ఆ రెండింటి మధ్య కెమెరాయే సర్దుకుంటుంది. చేత్తో పెట్టుకున్నట్లయితే మాత్రం ఇంటికి రాగానే 100కు తిప్పండి. మర్నాడు మధ్యాహ్నం ఎండలో 6400తో, అపర్చరు బాగా తెరిచి తీస్తే షటరు ఎంత వేగంగా పడినా ఫోటో తెల్లకాగితమే.

తీసినవి నాకు పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపండి. ఐఎస్‌ఓ, షటరు, అపర్చరు అంకెలు ఫైలులోనే ఉంటాయి. మామూలుగా పంపితే అవి పోతాయి, నాకు చూడవలసింది ముందు అవే.

ఇట్లు,
మీ తాతయ్య