డచెస్ శాటిన్ ఎందుకు అలా నిలబడుతుంది?

లైనింగుకి వేసే పల్చటి శాటిన్ చేతిలోంచి జారిపోతుంది. పెళ్లి గౌన్లకు వాడే డచెస్ శాటిన్ కుచ్చు పెడితే పెట్టినట్టే నిలబడుతుంది. రెండూ శాటినే ఎలా అయ్యాయని ఒక పాఠకురాలి ప్రశ్న. శాటిన్ అన్నది నేత పేరు. పోగు పట్టుదైనా కావచ్చు, పాలియెస్టర్‌దైనా కావచ్చు.

ఎనిమిది పోగుల శాటిన్‌లో, అంటే ఎనిమిదేసి పోగులకు అల్లిక మళ్లీ మొదలయ్యే నేతలో, పడుగు (నిలువు) పోగు ఏడు పేకల (అడ్డం పోగుల) మీదుగా తేలి, ఎనిమిదో పేక కింద ఒక్కసారి దూరుతుంది. ఆ దూరే చోటుని 'కట్టు' అందాం. అసలు విద్యంతా కట్లు ఎక్కడ పడాలన్నదే. మొదటి పేకలో 1వ పోగు దగ్గర పడితే, ఆపై పేక పేకకీ మూడేసి పోగులు జరుపుతూ 4, 7, 2, 5, 8, 3, 6 దగ్గర వేస్తారు. ఏ కట్టూ మరో కట్టుని ఆనదు. చుట్టూ తేలిన పోగులు దాన్ని కప్పేస్తాయి, వెలుగు అద్దం మీద పడ్డట్టు తిరిగొస్తుంది. ఒక్కొక్కటే జరిపితే కట్లు వాలుగీతలో పడి జీన్స్ గుడ్డలా ట్విల్ అవుతుంది.

అదే ఆరు పోగులతో చేసి చూడండి. రెండేసి జరిపితే 1, 3, 5, మళ్లీ 1. సరిసంఖ్య పోగులకు కట్టే పడదు. మూడేసి అయితే 1, 4, మళ్లీ 1. నాలుగేసి అయితే 1, 5, 3తో సరి. ఐదేసి అంటే వెనక్కి ఒకటి, మళ్లీ ట్విల్లే! అందుకే సమంగా జరిగే ఆరు పోగుల శాటిన్ లేదు. జరిపే సంఖ్యకీ మొత్తం పోగులకీ ఉమ్మడి భాజకం ఉంటే కొన్ని పోగులు మిగిలిపోతాయి. గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) పాఠం చెప్పేటప్పుడు గళ్ల కాగితం మీద ఇది గీయించాలి.

ఇక డచెస్ నిలబడే సంగతి. కట్టు పడిన ప్రతిచోటా పేక, పడుగు పోగుల మధ్య జాగా తీసుకుంటుంది. కట్లు తగ్గితే ఆ జాగాలో ఇంకా పోగులు ఇరికించొచ్చు. డచెస్‌లో సన్నటి పడుగు పోగులు అలా కిక్కిరిసి ఉంటాయి, వంగడానికి చోటుండదు.

కుట్టేవాళ్లని ఏడిపించేదీ కట్లు తక్కువ కావడమే. కోసిన అంచు ఇట్టే పోగులూడుతుంది, 1.5–2 సెంటీమీటర్ల కుట్టు అంచు వదలాలి. సూది గుచ్చిన మచ్చ పోదు కాబట్టి గుండుసూదులు ఆ అంచులోనే పెట్టాలి. మిషనుకి 70 లేదా 80 నంబరు సన్నమొన సూది, కుట్టు పొడవు 2.5–3 మి.మీ. విప్పి కుడితే వరస రంధ్రాలు కనిపిస్తాయి. కొలతలు ముందే కాటన్ నమూనా మీద సరిచూడాలి. ఇస్త్రీ వెనకవైపు నుంచి, గుడ్డ అడ్డం వేసి, కుట్టు అంచు కింద కాగితం పట్టీ పెట్టి చేయాలి. లేకపోతే అంచు ముద్ర ముందుకి దిగుతుంది. ముక్కలన్నీ ఒకే దిశలో కత్తిరించాలి. ఒక్కటి అడ్డం తిరిగినా తేలిన పోగుల వాలు మారి, ఒకే థాను గుడ్డ రెండు రంగులుగా కనిపిస్తుంది.