బేస్‌బాల్ పిచర్ రికార్డులో శాక్రిఫైస్ బంట్: అపోహలు - వాస్తవాలు

బేస్‌బాల్‌లో బ్యాటర్‌కు బంతి విసిరేవాడు పిచర్. బ్యాట్ ఊపకుండా అడ్డం పెట్టి బంతిని మెల్లగా దొర్లించడం బంట్. తాను అవుటైనా సరే, బేస్ మీదున్న రన్నర్‌ను ముందుకు జరపడానికి ఆడేది శాక్రిఫైస్ బంట్.

అపోహ: బంట్ ఆడి అవుటైతే యావరేజ్ పడిపోతుంది.

వాస్తవం: స్కోరర్ దాన్ని శాక్రిఫైస్‌గా రాస్తే ప్లేట్ అప్పియరెన్స్ (బ్యాటింగ్‌కు వచ్చిన మొత్తం సార్లు) పెరుగుతుంది గానీ ఎట్ బ్యాట్ (యావరేజ్ కోసం హిట్లను భాగించే సంఖ్య) పెరగదు. పిచర్ టామ్ గ్లావిన్ బ్యాటింగ్ కెరీర్ చూడండి: 1,323 ఎట్ బ్యాట్లు, 246 హిట్లు, యావరేజ్ 0.186. పక్క గడిలో 216 శాక్రిఫైస్ బంట్లు. వాటినీ ఎట్ బ్యాట్లలో కలిపితే యావరేజ్ 0.160కి దిగేది. ఆన్‌బేస్ శాతంలోనూ (బ్యాటర్ బేస్ చేరే శాతం) శాక్రిఫైస్ బంట్ లెక్కకు రాదు. శాక్రిఫైస్ ఫ్లై (గాల్లోకి కొట్టిన బంతి క్యాచ్ అయినా రన్నర్ స్కోర్ చేసేది) మాత్రం వస్తుంది. చాలామంది ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు.

అపోహ: బ్యాటర్ అవుటైతేనే శాక్రిఫైస్.

వాస్తవం: ఫీల్డర్ సెకండ్ బేస్‌కు విసిరాడు, బంతి ఆలస్యంగా చేరింది, పొరపాటేమీ లేదు, ఇద్దరూ సేఫ్. ఫస్ట్‌కే విసిరి ఉంటే బ్యాటర్ దొరికేవాడని స్కోరర్ అనుకుంటే అది శాక్రిఫైసే, లేదంటే హిట్. దీనికి తిరగేసిన సందర్భం: ఫస్ట్, సెకండ్‌లో రన్నర్లున్నారు, బంట్ మీద ముందువాడు థర్డ్ దగ్గర అవుటయ్యాడు. వెనకవాడు ముందుకు జరిగినా శాక్రిఫైస్ రాదు, ఎట్ బ్యాట్ పడుతుంది. అప్పటికే రెండు అవుట్లయి ఉంటే ఆ మాటే లేదు. రెండు స్ట్రైకుల మీద బంట్ ఫౌల్ పోతే స్ట్రైకౌట్, అంటే మూడో స్ట్రైక్‌తో అవుట్. ఇలా చెడినవేవీ ఆ గడిలో కనిపించవు. కాబట్టి 216 అన్నది ఫలించిన బంట్ల లెక్కే, ప్రయత్నాలది కాదు.

అపోహ: బంట్ అంటే చేతులారా అవుటివ్వడమే.

వాస్తవం: మామూలు బ్యాటర్ విషయంలో చాలావరకు నిజమే. 2010-15 మేజర్ లీగ్ సగటు ప్రకారం, అవుట్లు లేకుండా ఫస్ట్‌లో రన్నర్ ఉంటే ఆ ఇన్నింగ్స్‌లో ఇంకా రావచ్చనుకునే రన్స్ 0.86. ఒక అవుట్‌తో సెకండ్‌లో ఉంటే 0.66. కానీ ఆ 0.86 సగటు బ్యాటర్లది. పిచర్ బ్యాటింగ్‌లో బలహీనుడు కాబట్టి స్ట్రైకౌటయ్యే భయమే ఎక్కువ, అప్పుడు మిగిలేది 0.51. డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరూ అవుట్) అయితే 0.10. పిచర్ చేత బంట్ ఆడించడాన్ని 0.86తో కాదు, ఈ రెంటితో పోల్చాలి.

అపోహ: బ్యాట్ అడ్డం పెడితే చాలు, బంట్ ఎవరైనా ఆడతారు.

వాస్తవం: బ్యాట్ తల స్ట్రైక్ జోన్ (బంతి స్ట్రైక్‌గా లెక్కయ్యే హద్దు) పైఅంచున, పిడి కంటే కొంచెం ఎత్తులో ఉండాలి. బంతి కిందికొస్తే మోకాళ్లు వంచాలి గానీ బ్యాట్ తల దించకూడదు. దించితే బంతి గాల్లోకి లేస్తుంది, క్యాచ్‌తో పాటు రన్నర్ కూడా పోతాడు. పైచేతి వేళ్లు బ్యాట్ వెనకే ఉండాలి, ముందుకొస్తే బంతి దెబ్బ వేళ్లకే. ఫస్ట్‌లో రన్నర్ ఉంటే ఫస్ట్ బేస్ వైపు దొర్లించాలి, ఎందుకంటే ఆ ఫీల్డర్ రన్నర్‌ను కాస్తూ బేస్‌కు అతుక్కుని ఉంటాడు. సెకండ్‌లో ఉంటే థర్డ్ వైపు.

అపోహ: పిచర్ పేరు పక్కన ఎస్‌హెచ్ (శాక్రిఫైస్ బంట్ల సంఖ్య) అంటే అతను ఆడిన బంట్లే.

వాస్తవం: బ్యాటింగ్ పట్టికలో అయితే అంతే. పిచింగ్ పట్టికలో ఉంటే అవి ప్రత్యర్థులు అతని మీద ఆడినవి. ఎదుర్కొన్న బ్యాటర్ల మొత్తంలో అవీ కలుస్తాయి. 2022 నుంచి మేజర్ లీగ్‌లోని రెండు లీగుల్లోనూ డెసిగ్నేటెడ్ హిట్టర్ (పిచర్ బదులు బ్యాటింగ్ చేసేవాడు) వచ్చాడు కాబట్టి, ఆ తర్వాతి సీజన్లలో పిచర్ ఎదురుగా ఎస్‌హెచ్ అంకె కనిపిస్తే అది దాదాపుగా ఈ రెండో రకమే.