డబ్బున్నవాళ్ళు గదిలో ఉండరు: అమెరికా రీజనల్ పైలట్ల కాంట్రాక్ట్ చర్చలపై అపోహలు - వాస్తవాలు

అమెరికాలో డెల్టా, యునైటెడ్, అమెరికన్ పేరు మీద టికెట్ కొని చిన్న జెట్ ఎక్కినప్పుడు, తలుపు పక్కన చిన్న అక్షరాల్లో ఇంకో కంపెనీ పేరు కనిపిస్తుంది. ఎండీవర్, స్కైవెస్ట్, రిపబ్లిక్, ఎన్వాయ్, పీఎస్‌ఏ, పీడ్‌మాంట్ లాంటివి. విమానం తోక మీద బొమ్మ పెద్ద కంపెనీది, కాక్‌పిట్‌లో ఇద్దరికీ జీతమిచ్చేది చిన్న కంపెనీ. వీటినే రీజనల్ కంపెనీలంటారు. అలాంటి ఒక చిన్న కంపెనీలో నేను కెప్టెన్‌ని. పైలట్ల యూనియన్ తరఫున చర్చల కమిటీలో కూడా కూర్చున్నాను. పత్రికల్లో మా గురించి వచ్చే వార్తలు చదివినా, కొత్తగా చేరిన ఫస్ట్ ఆఫీసర్ల (కో-పైలట్ల) మాటలు విన్నా అవే అపోహలు మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంటాయి. వాటిలో కొన్నిటి సంగతి ఇక్కడ చెప్తాను.

అపోహ: కాంట్రాక్ట్ గడువు తీరిన మర్నాడే పైలట్లు సమ్మెకి దిగొచ్చు.

మా కాంట్రాక్ట్‌కి అసలు గడువు తీరడమంటూ ఉండదు. అమెరికా విమానయాన కంపెనీల్లో కార్మిక సంబంధాలు నడిచేది రైల్వే లేబర్ యాక్ట్ కింద. 1926లో రైళ్ళ కోసం చేసిన ఆ చట్టాన్ని 1936లో విమానాలకీ వర్తింపజేశారు. రవాణా ఆగకూడదన్నదే దాని ఉద్దేశం. అందుకే కాంట్రాక్ట్‌లో ఒక తేదీ రాసి ఉంటుంది, ఆ తేదీ నుంచి మార్పులు అడగొచ్చు, అంతే. కొత్తది కుదిరేదాకా పాత జీతాలూ పాత రూల్సే నడుస్తాయి. అప్పటిదాకా కంపెనీ వాటిని తగ్గించకూడదు, మేము పని ఆపకూడదు.

ముందు రెండు పక్షాలూ నేరుగా మాట్లాడుకోవాలి. తెగకపోతే ఎవరైనా సరే, రాజీ కుదిర్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ మీడియేషన్ బోర్డుని పిలవొచ్చు. అసలు కథ అక్కడ మొదలవుతుంది. బోర్డు పంపిన మీడియేటర్ మమ్మల్ని ఎన్నాళ్ళు కూర్చోబెట్టాలో చట్టంలో లేదు, బోర్డుకి ఎప్పుడు సరిపోయిందనిపిస్తే అప్పటిదాకా. ఇక లాభం లేదని బోర్డు అనుకున్నాక, ఇద్దరూ కట్టుబడాల్సిన తీర్పు చెప్పడానికి ఆర్బిట్రేటర్‌ని ఒప్పుకుంటారా అని రెండు పక్షాల్నీ అడుగుతుంది. ఒక్కరు కాదన్నా 30 రోజుల గడియారం మొదలవుతుంది. అది కూడా దాటాకే సమ్మె. అప్పుడైనా అధ్యక్షుడు వివాదాన్ని పరిశీలించే ఎమర్జెన్సీ బోర్డు వేస్తే మరో 60 రోజులు ఆగాలి. ఆపైన అమెరికా చట్టసభ కాంగ్రెస్ చట్టం చేసి ఒప్పందాన్ని మా నెత్తిన పెట్టొచ్చు కూడా.

రిపబ్లిక్ పైలట్ల కాంట్రాక్ట్ 2007లో మార్పులకి తెరుచుకుంటే, కొత్తది ఓటింగ్‌లో నెగ్గింది 2015లో. ఎనిమిదేళ్ళు. ఈ ఆలస్యం ఎవరికి కలిసొస్తుందో చెప్పక్కర్లేదు. ధరలు పెరుగుతుంటాయి, జీతం మాత్రం పాత పట్టిక ప్రకారమే. వెనకటి తేదీ నుంచి బకాయిలు వస్తాయిలే అని చాలామంది ధీమాగా ఉంటారు. చట్టం ఆ హామీ ఏమీ ఇవ్వదు. బకాయిలు కూడా బేరంలో ఒక అంశమే, దాన్ని తెచ్చుకోవాలంటే ఇంకోటి వదులుకోవాలి.

అపోహ: 98 శాతం మంది సమ్మెకి ఓటేశారంటే ఇక విమానాలు ఆగిపోయినట్టే.

ఆ ఓటు యూనియన్ నాయకత్వానికి ఇచ్చే అనుమతి మాత్రమే. బోర్డు వదిలేదాకా దాన్ని వాడుకునే వీల్లేదు. ఇలాంటి ఓట్లలో 95కి తగ్గి రావడమే అరుదు. ఎయిర్‌పోర్ట్ బయట యూనిఫాంలో ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డవాళ్ళు కూడా సమ్మెలో ఉన్నవాళ్ళు కారు, డ్యూటీ లేని రోజున వచ్చినవాళ్ళు. టికెట్ కొన్న ప్రయాణికులు ఆ ఫొటోలు చూసి టెన్షన్ పడాల్సిన పని లేదు.

నిజంగా జరిగిన పెద్ద రీజనల్ సమ్మె కామ్‌ఎయిర్‌ది. డెల్టా సొంత కంపెనీ అది. 2001 మార్చి 26న మొదలై 89 రోజులు నడిచింది. జీతాలు పెరిగాయి. 2012లో కంపెనీ మూతపడింది. ఆ రెంటినీ ముడిపెట్టి, సమ్మె చేశారు కాబట్టే మునిగారు అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఖర్చులు ఎక్కువన్నది నిజమే. కానీ మధ్యలో పదకొండేళ్ళున్నాయి, 2005లో డెల్టా దివాలా ఉంది, ఇంధనం ధర పెరిగాక ఎవరికీ అక్కర్లేకుండా పోయిన 50 సీట్ల జెట్లున్నాయి. ఒక్క కారణం మీదికి నెట్టేస్తే తప్పు.

అపోహ: సమ్మె కుదరకపోతే అందరూ ఒకేసారి సిక్ లీవ్ పెడితే సరి.

వద్దు. కలిసి చేసే సిక్ లీవూ, నెమ్మదిగా పనిచేయడమూ చట్టం దృష్టిలో అనుమతి లేని సమ్మె కిందికే వస్తాయి. 1999 ఫిబ్రవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు ఆ దారి పట్టారు. కోర్టు ఆపమంది, అప్పటికీ సిక్ కాల్స్ తగ్గలేదు, చివరికి వాళ్ళ యూనియన్‌కి పడింది సుమారు 4.5 కోట్ల డాలర్ల జరిమానా. అది పెద్ద కంపెనీ యూనియన్ కాబట్టి నిలబడింది. వాట్సాప్ గ్రూపుల్లో సరదాకి పెట్టిన మెసేజ్ కూడా కోర్టులో కాగితమవుతుంది. కొత్త కుర్రాళ్ళకి ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

అపోహ: కంపెనీ లెక్కలు చూసి, లాభం ఉంటే పెంచమనాలి, లేకపోతే ఊరుకోవాలి.

ఈ వ్యాపారాన్ని అర్థం చేసుకోవడంలో జరిగే అతి పెద్ద పొరపాటు ఇదే.

రీజనల్ కంపెనీల్లో చాలావరకు టికెట్లు అమ్మవు. పెద్ద కంపెనీతో కెపాసిటీ పర్చేజ్ ఒప్పందం ఉంటుంది. ఇన్ని విమానాలు, ఇన్ని గంటలు తిప్పితే ఇంత అని పెద్ద కంపెనీ ఇస్తుంది. టికెట్ ధర, రూటు, టైమింగ్ అన్నీ వాళ్ళవే. ఇంధనం ఖర్చు కూడా సాధారణంగా వాళ్ళదే. విమానం నిండినా, సగం ఖాళీగా వెళ్ళినా చిన్న కంపెనీకి వచ్చేది ఇంచుమించు అంతే. అంటే ఆదాయం ముందే కట్టేసి ఉంది. మేనేజ్‌మెంట్ చేతిలో ఉన్నవి ఖర్చులు, అందులో పెద్ద భాగం సిబ్బంది జీతాలు. కాబట్టి బల్లకి అవతల కూర్చున్నాయన మా దగ్గర డబ్బుల్లేవు అంటే, చాలాసార్లు అది అబద్ధం కాదు. ఇచ్చే స్తోమత ఉన్నవాళ్ళు ఆ గదిలో లేరు, అంతే.

పైగా ఒకే పెద్ద కంపెనీకి నాలుగైదు చిన్న కంపెనీలు పనిచేస్తుంటాయి. విమానాలు ఎవరికివ్వాలో తేల్చేది పెద్ద కంపెనీ. 2013లో పీఎస్‌ఏ పైలట్లు ఖర్చు తగ్గించే ఒప్పందానికి సరేనన్నారు, పెద్ద సీఆర్‌జే 900 జెట్లు వాళ్ళకి వెళ్ళాయి. 2014లో ఎన్వాయ్ పైలట్లు అలాంటి ఒప్పందాన్ని ఓటేసి కొట్టేశారు. ఆ తర్వాత ఎన్వాయ్ దగ్గరున్న జెట్లలో కొన్ని కూడా పీఎస్‌ఏకి తరలాయి. అప్పట్లో రెండూ అమెరికన్ గ్రూపు సొంత కంపెనీలే. మీరు వద్దంటే పక్కింటివాళ్ళు ఒప్పుకుంటారు అన్నది ఈ రంగంలో బెదిరింపు కాదు, కళ్ళ ముందు జరిగిన చరిత్ర. అందుకే నో ఓటు వేసేవాళ్ళని నేను తప్పుపట్టను, యస్ ఓటు వేసేవాళ్ళని పిరికివాళ్ళననూ అనను.

ఇదంతా 2022లో తలకిందులైంది. కోవిడ్ సమయంలో పెద్ద కంపెనీలు వేలాది సీనియర్ పైలట్లని ముందే రిటైర్ చేసి పంపించాయి. ప్రయాణాలు తిరిగి పెరిగేసరికి రీజనల్ పైలట్లని ఎగరేసుకుపోయాయి. మా వైపు విమానాలున్నాయి, నడిపేవాళ్ళు లేరు. చిన్న ఊళ్ళకి సర్వీసులు తగ్గాయి. అప్పుడు, ఆ జూన్‌లో, ఎన్వాయ్, పీడ్‌మాంట్‌లలో కొత్త ఫస్ట్ ఆఫీసర్‌కి గంటకి 90 డాలర్లు, కెప్టెన్‌కి 146 డాలర్లు మొదటి ఏడాది రేటుగా వచ్చాయి. మీడియేటర్ లేడు, ఏళ్ళ తరబడి చర్చల్లేవు, కాంట్రాక్ట్ మధ్యలోనే పక్కన ఒక లేఖ రాసుకుని పెంచేశారు. నిన్నటిదాకా డబ్బుల్లేవన్నవాళ్ళకి ఎక్కణ్నుంచి వచ్చాయి? డబ్బున్న వాళ్ళకి అవసరం పడింది. ఆగస్టులో మరో రీజనల్ కంపెనీ మీసా పెంచింది. యూనియనే లేని స్కైవెస్ట్ కూడా అదే ఏడాది పెంచక తప్పలేదు.

ఇక్కడ ఒక చిన్న ముల్లుంది. అమెరికన్ సొంత కంపెనీల్లో వచ్చిన ఆ పెంపులో పెద్ద భాగానికి మొదట 2024 ఆగస్టు చివరి వరకే గడువు పెట్టారు. సంబరాల ఫొటోల్లో ఆ వాక్యం ఎవరికీ కనపడలేదు.

అపోహ: 1,500 గంటల రూల్ జీతాలు పెంచుకోవడానికి యూనియన్లు పన్నిన ఎత్తు.

2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కోల్గన్ అనే రీజనల్ కంపెనీ ఫ్లైట్ 3407 కూలి 50 మంది చనిపోయారు. బాధితుల కుటుంబాలు వాషింగ్టన్ చుట్టూ తిరిగి 2010లో చట్టం తెప్పించుకున్నాయి. 2013 ఆగస్టు నుంచి ఫస్ట్ ఆఫీసర్‌కి కూడా మామూలుగా 1,500 గంటలు ఎగిరిన అనుభవం కావాలి, సైన్యం నుంచో గుర్తింపు పొందిన కాలేజీ నుంచో వస్తే కొంత తగ్గింపు. ఆ విమానం నడిపిన ఇద్దరికీ 1,500 దాటే ఉన్నాయి కదా అని విమర్శకులు అంటారు, అదీ నిజమే. యూనియన్లు ఈ రూల్‌ని గట్టిగా సమర్థించాయి, దానివల్ల మా బేరానికి బలం వచ్చిందన్నదీ నిజమే. అయితే రూల్ పుట్టింది మాత్రం ఆ కుటుంబాల పోరాటం వల్ల.

అపోహ: గంట రేటు పెరిగితే చాలు, మిగతావన్నీ చిల్లర.

కొత్తవాళ్ళు ముందు చూసేది రేట్ల పట్టికే. నేను దాన్ని చివర్లో చూస్తాను. మాకు గంట లెక్క మొదలయ్యేది తలుపు మూసి విమానం గేటు దగ్గర కదిలాక, ఆగేది అవతలి గేటు దగ్గర ఆపాక. మధ్యలో ఎయిర్‌పోర్ట్‌లో కూర్చున్న గంటలకి విడిగా జీతం ఉండదు.

ఒక రోజు తీసుకోండి. పొద్దున్నే రిపోర్ట్, మూడు చిన్న సెక్టార్లు (అంటే మూడు ఫ్లైట్లు), మధ్యలో నాలుగు గంటల ఖాళీ, డ్యూటీ దిగేసరికి 11 గంటలు. లెక్కకొచ్చిన ఎగిరే సమయం 4 గంటల 20 నిమిషాలు. గంటకి 90 చొప్పున 390 డాలర్లు. ఇప్పుడు కాంట్రాక్ట్‌లో డ్యూటీ రిగ్ అనే క్లాజు ఉందనుకోండి. డ్యూటీలో గడిపిన ప్రతి రెండు గంటలకి కనీసం ఒక గంట జీతం. అదే రోజుకి 5 గంటల 30 నిమిషాలు, అంటే 495 డాలర్లు. తేడా 105. దానికి బదులు గంట రేటు 5 శాతం పెంచి ఉంటే ఆ రోజు ఎక్కువొచ్చేది 19 డాలర్ల 50 సెంట్లు. ఏడు గంటలు ఎగిరే రోజున రిగ్ వల్ల ఒరిగేదేమీ లేదు, ఒప్పుకుంటాను. కానీ రిగ్ ఉంటే షెడ్యూల్ వేసేవాళ్ళే జాగ్రత్తపడతారు, పైలట్‌ని ఊరికే కూర్చోబెడితే వాళ్ళకే ఖర్చు కాబట్టి. రేటు పెంపుతో ఆ పని జరగదు.

ఇలాంటివే ఇంకా ఉన్నాయి: ఫ్లైట్ రద్దయితే జీతం నిలుస్తుందా, ప్రయాణికుడిగా కూర్చోబెట్టి తీసుకెళ్ళిన సెక్టార్‌కి పూర్తి జీతమా సగమా, సెలవు రోజున జూనియర్‌కి బలవంతంగా ట్రిప్ వేస్తే ఎంతివ్వాలి, రిజర్వ్‌లో (పిలిస్తే రావాల్సిన డ్యూటీలో) ఉన్నవాణ్ణి ఎంతసేపట్లో రమ్మనొచ్చు. చర్చల్లో ఎక్కువ రోజులు మింగేవి ఇవే. షెడ్యూలింగ్ సెక్షన్ ఒక్కటీ జీతాల సెక్షన్‌కి ఎన్నో రెట్లు ఉంటుంది.

అపోహ: పెద్ద కంపెనీ పైలట్లూ మేమూ ఒకే జట్టు.

ఒకే యూనియన్ కావచ్చు, ప్రయోజనాలు మాత్రం అన్నిసార్లూ ఒకటి కావు. చిన్న కంపెనీలు నడిపే విమానంలో 76 సీట్లు దాటకూడదు, బరువు 86,000 పౌండ్లు దాటకూడదు అన్న హద్దు పెద్ద కంపెనీల పైలట్ల కాంట్రాక్ట్‌లో ఉంటుంది, మా దాంట్లో కాదు. ఎంబ్రేయర్ ఈ175 కొత్త తరం ఈ2 ఆ బరువు దాటిపోవడం వల్లే అమెరికా రీజనల్స్‌లోకి రాలేకపోయింది. వాళ్ళ ఉద్యోగాలు కాపాడుకోవడానికి వాళ్ళు పెట్టుకున్న గోడ అది. రేపు మేం ఉద్యోగానికి వెళ్ళబోయేదీ ఆ గోడ అవతలికే కాబట్టి పెద్దగా ఎవరూ నోరెత్తరు.

అపోహ: చర్చలంటే బల్లలు చరుచుకోవడం.

ఎక్కువసేపు ఎవరి గదిలో వాళ్ళు కూర్చుంటాం. ఓ హోటల్, రెండు మీటింగ్ రూములు, మధ్యలో కారిడార్‌లో అటూ ఇటూ తిరిగే మీడియేటర్. కంపెనీ కాగితం పంపుతుంది, తీసేసిన మాటల మీద అడ్డగీత, చేర్చిన మాటలు ముద్దక్షరాల్లో. ముగ్గురం లైన్ పైలట్లం, ఒక లాయరు, యూనియన్ ఆర్థిక నిపుణుడు కలిసి మధ్యాహ్నమంతా ఒక కామా గురించి కొట్టుకుంటాం. కుదిరిన సెక్షన్ కింద ఇరువైపులా పొడి సంతకాలు పెట్టి పక్కన పెడతాం. అరుపులు వినిపించేది మా గదిలో మాలో మాకే.

అపోహ: కమిటీ సంతకం పెడితే ఒప్పందం కుదిరినట్టే.

అది తాత్కాలిక ఒప్పందం. ముందు పైలట్లు ఎన్నుకున్న ప్రతినిధుల మండలి ఒప్పుకోవాలి, తర్వాత సభ్యులందరూ ఓటెయ్యాలి. కొట్టేసిన సందర్భాలు చాలా ఉన్నాయి, ఎన్వాయ్ సంగతి పైన చెప్పాను.

ఓటేసే పైలట్లకి ఒక మాట: ఒప్పందాన్ని వివరించే రోడ్‌షోలో చూపించే స్లైడ్లు కాదు, అసలు కాగితం తెరవండి. ప్రతి పెంపు పక్కన ఎప్పటినుంచి, ఎప్పటిదాకా అన్న తేదీలు చూడండి. సాఫ్ట్‌వేర్ సిద్ధమయ్యాక అమలవుతుంది అని ఉంటే, సిద్ధం కాకపోతే ఏమవుతుందో కూడా రాసి ఉందా చూడండి. ఆపరేషన్‌కి వీలైనంతవరకు అన్న మాట ఎక్కడ కనిపించినా అక్కడ పెన్సిల్‌తో గీత గీసుకుని, ఆ వీలు తేల్చేది ఎవరని మీ ప్రతినిధిని అడగండి.