ట్యూబులైటు తాకితే చెయ్యెందుకు కాలదు?

చిన్నప్పుడు నెల్లూరులో లారీ బాడీలు కట్టే షెడ్డు ముందు ఆగిపోయేవాణ్ణి. వెల్డింగు రాడ్డు ఇనుముకు తగలగానే నీలం వెలుగు చిమ్మేది. "చూడబాక అబ్బయా, కళ్ళు పోతాయి" అని లోపలి నుంచి అరిచేవాళ్ళు. అదే షెడ్డులో పైన ఒక ట్యూబులైటు వెలుగుతుండేది. దాన్ని చూడొద్దని ఎవరూ అనలేదు. రెండింట్లోనూ ఉన్నది ప్లాస్మాయేనని కాలేజీకి వెళ్ళాక తెలిసింది. పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడివచ్చి, కరెంటును మోయగలిగే వాయువే ప్లాస్మా.

ట్యూబులైటులో ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత సుమారు 11,000 డిగ్రీలు. వెల్డింగు ఆర్క్‌లోనూ, అంటే రాడ్డు చివర చిమ్మే ఆ వెలుగులోనూ, 10,000 దాటుతుంది. మరి ఒకటి ఇనుమును కరిగిస్తుంటే, రెండోదాన్ని చేత్తో ఎలా పట్టుకోగలుగుతున్నాం?

కిటుకు సాంద్రతలో ఉంది. మరిగే నీటి చుక్క చేతిమీద పడితే చురుక్కుమంటుంది. కాగెడు నీళ్ళు పడితే ఆసుపత్రికి పరుగెత్తాలి. ట్యూబులో వాయువు బాగా పలచన. తేలికైన ఎలక్ట్రాన్లు ఎంత వేడిగా ఉన్నా, బరువైన పరమాణువులకు ఆ వేడి పెద్దగా అందదు. ఆర్క్‌లో మాత్రం అవి కిక్కిరిసి ఉంటాయి. క్షణక్షణం ఢీకొంటూ వేడిని అన్నీ పంచుకుంటాయి. అందుకే ప్లాస్మా ఉష్ణోగ్రత ఒక్కటే చెబితే నాకు సగం మాటే విన్నట్టుంటుంది.

కొలవడమెలా? మామూలు థర్మామీటరు ఆర్క్‌లో కరిగిపోతుంది, ట్యూబులో అబద్ధం చెబుతుంది. 1928లో ఈ వాయువుకు ప్లాస్మా అని పేరుపెట్టిన అమెరికా శాస్త్రవేత్త లాంగ్మ్యూర్ తేలికైన దారి చూపాడు. ప్లాస్మాలోకి సన్నని తీగ దించి, దాని వోల్టేజి మారుస్తూ ఎంత కరెంటు వస్తుందో చూడాలి. ఆ హెచ్చుతగ్గుల నుంచి ఉష్ణోగ్రత, సాంద్రత రెండూ లెక్కగట్టొచ్చు.

కోటి డిగ్రీల దగ్గర ఏ తీగా నిలవదు. ప్లాస్మాను అయస్కాంతాలతో బంధించి వేడెక్కించే యంత్రం టోకమాక్. మాస్కోలోని టీ-3 టోకమాక్‌లో అంత వేడి పుట్టించామని సోవియట్ శాస్త్రవేత్తలు చెబితే చాలామంది నమ్మలేదు. బ్రిటిష్ బృందం లేజరుతో అక్కడికే వెళ్ళింది. ఎలక్ట్రాన్లకు తగిలి చెదిరిన కాంతి ఎంతుందో చూస్తే సాంద్రత, దాని రంగు ఎంత విస్తరించిందో చూస్తే ఉష్ణోగ్రత తెలుస్తాయి. 1969లో వాళ్ళ లెక్క సోవియట్ల మాట నిజమని తేల్చింది. ఆ తర్వాతే ఎన్నో దేశాలు టోకమాక్‌ల వైపు మళ్ళాయి. నమ్మదగ్గ కొలత ఒక్కటి ఎంత పని చేసిందో!

మన ఫోన్లోని చిప్‌పై సన్నని గాళ్ళు చెక్కేదీ ప్లాస్మాయే. చిప్‌లు చెక్కే సిలికాన్ పలక మధ్యలో ఒక సాంద్రత, అంచున ఒక సాంద్రత ఉంటే గాడి లోతు మారి చిప్ పాడవుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కొలత చంద్రుడి మీద జరిగింది. 2022 దాకా మా జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి, 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరింది. లాంగ్మ్యూర్ తీగ స్థానంలో ఒక మీటరు కడ్డీ, దాని చివర 5 సెంటీమీటర్ల లోహపు గుండు. దక్షిణ ధ్రువానికి దగ్గర్లో ఘనమీటరుకు 50 లక్షల నుంచి 3 కోట్ల ఎలక్ట్రాన్లు ఉన్నట్టు అది పట్టింది. ట్యూబులైటులో అవి వేల కోట్ల కోట్లు. చంద్రుడి మీది ప్లాస్మా అంత పలచనైనా రేడియో సంకేతాల్లో కాస్త రొద కలుపుతుంది. ఆ రొదను తగ్గించాలంటే ముందు ఈ అంకె చేతిలో ఉండాలి.