అట్టలు పోయిన చందమామలు

చిన్నూకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు నా ట్రంకు పెట్టె తీసి, "ఇంత లావు చందమామల బైండు ఉండగా ఈ చిరిగిన విడి పుస్తకాలు ఎందుకు కొన్నావు తాతయ్యా?" అని అడిగారు. చుట్టాల హడావుడిలో జవాబు చెప్పలేకపోయాను.

ఆ బైండు తెరిచి చూడండి. పన్నెండు సంచికలున్నాయి, ముఖచిత్రం ఒక్కటీ లేదు. మా రోజుల్లో ఏడాది పుస్తకాలు పోగుచేసి బైండింగుకి ఇచ్చేవాళ్లం. మా వీధి చివరి బైండరు అట్టలు పీకేసి, అంచులు కోసి, గుడ్డ అతికించి ఇచ్చాడు. "అట్టలుంటే బైండు సరిగ్గా కూర్చోదు బాబూ" అన్నాడు. నేనూ తలూపి, పైగా బాగుందని మురిసిపోయాను! ఆ బుర్రకి తెలివి రావడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. అప్పట్నుంచీ పోయిన అట్టల కోసమే నా తిరుగుడంతా.

చందమామను నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో మద్రాసులో మొదలుపెట్టారు. లోపలి బొమ్మల్లో శంకర్ గారిని మించినవాళ్లు తక్కువ. శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకు నడిచే విక్రమార్కుడు ఆయన చేతి బొమ్మే. అట్ట బొమ్మలకు మాత్రం నా ఓటు వడ్డాది పాపయ్య గారికి. శ్రీకాకుళంలో పుట్టి కశింకోటలో స్థిరపడ్డ మనిషి. బొమ్మ మూల "వ.పా." అని సంతకం ఉంటుంది కానీ, అది వెతికే లోపే ఆ సోగకళ్లు, ఆ రంగులు ఎవరివో చెప్పేస్తాయి.

హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. పుస్తకం చేతికి రాగానే నేను ముందు మధ్య పేజీ విప్పి పిన్నులు చూస్తాను. అట్టను పట్టుకుని ఉండేవి ఆ పిన్నులే. తుప్పు పట్టాయంటే చుట్టూ కాగితం పొడి అయిపోయి, మొదట ఊడేది అట్టే. ఊడిందని సెల్లోటేపు మాత్రం వెయ్యొద్దు. నేను వేసిన చోటల్లా కొన్నాళ్లకి టేపు ఎండి ఊడిపోయింది, గోధుమరంగు మరక మిగిలింది. విడిగానే ఉంచి, పుస్తకంతో పాటు కవర్లో పెట్టి పడుకోబెడితే చాలు. ఎండ తగలకూడదు, రంగు వెలిసిపోతుంది.

పెట్టెలో అడుగున ఒకటుంది, చూశారో లేదో. అట్ట మీద రాకుమారికి ఎవరో పిల్లాడు నీలం సిరాతో మీసాలు పెట్టాడు. బాగా మెలితిప్పిన మీసాలు. ఆ మీసాల వల్లే పది రూపాయలు తగ్గించి ఇచ్చాడు షాపతను. రబ్బరు పెట్టి రుద్దకండి, అవి అలాగే ఉండాలి.

మీ తాతయ్య